బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

సంపాదకులకు నమస్కారం.

నకిలీ షూరిటీల (ముద్దాయి వాయిదాలకు వస్తాడని కోర్టుకు పూచీ పడే జామీనుదారుల) ముఠా పట్టుబడిందన్న వార్త జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. దొంగ ఇంటిపన్ను రసీదులు, పంచాయతీ కార్యదర్శి పేరుతో చేయించిన రబ్బరు స్టాంపులు, ఫొటో మార్చిన ఆధార్ జిరాక్సులు బల్ల మీద పరుస్తారు. వెనకాల నలుగురిని నిలబెట్టి ఫొటో తీస్తారు. దాని కింద నాలుగు వాక్యాలుంటాయి. ఆ రసీదులు ఎవరు కొంటారో, ఎందుకు కొనాల్సి వస్తుందో మాత్రం ఎవరూ రాయరు. కింది కోర్టుల్లో ముద్దాయిల తరఫున పనిచేసేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. ఉత్తరం పొడుగైనా వేసుకుంటారని ఆశ.

క్రిమినల్ లాయరు కనిపిస్తే జనం అడిగేది ఒకటే: నేరం చేసినవాడి తరఫున ఎలా నిలబడతారండీ అని. అరెస్టయిన ఎవరికైనా తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది, నేరం రుజువు చేసే బరువు ప్రాసిక్యూషన్ మీద ఉంది. ఆ చర్చకు ఈ మాత్రం చాలు. అసలు మా పనిలో వాదనల పాలు జనం అనుకునేదాని కంటే తక్కువ. బెయిల్ ఉత్తర్వు చేతికొచ్చాక ముద్దాయి జైలు గేటు దాటేదాకా నడిచే కాగితాల పనికే ఎక్కువ సమయం పోతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. వాళ్లలో బెయిల్ రాక లోపలున్నవాళ్లతో పాటు, బెయిల్ వచ్చి కూడా షూరిటీలు దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

బెయిల్ ఉత్తర్వు చివర ఉండే వాక్యం మన రెండు రాష్ట్రాల్లో దాదాపు ఒకే అచ్చు. ముద్దాయి పది వేలకో పాతిక వేలకో సొంత బాండు (వాయిదాకు రాకపోతే అంత కడతానన్న పత్రం) రాసివ్వాలి, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు రావాలి, మేజిస్ట్రేటుకు సంతృప్తి కలగాలి. ఈ ‘ఇద్దరు’ ఎక్కణ్నుంచి వచ్చారో వెతికితే చట్టంలో దొరకరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 485వ సెక్షన్ ‘ఒకరు లేదా అంతకు మించి’ అంటుంది. దానికి ముందున్న నేర విచారణ పద్ధతి చట్టం సీఆర్‌పీసీ 441లోనూ అదే మాట ఉంది. బాండు మొత్తం కేసు పరిస్థితులను చూసి పెట్టాలనీ, మితిమీరి ఉండకూడదనీ 484 చెబుతుంది. ఇద్దరు షూరిటీలన్నది అలవాటుగా వస్తున్న షరతు. టైపు చేసే ఫార్మాట్‌లోనే ఉండిపోవడంతో హత్యాయత్నం కేసుకూ మోటార్‌సైకిల్ దొంగతనానికీ ఒకే షరతు పడిపోతోంది.

ఇక షూరిటీ కాగితాలు. ఆధార్, ఫొటోలు, ఈ ఏడాది కట్టిన ఇంటిపన్ను రసీదు, ఇల్లు ఫలానావారిదేనని, దాని విలువ ఇంతని పంచాయతీ కార్యదర్శి లేదా మునిసిపాలిటీ ఇచ్చే ధ్రువపత్రం, షూరిటీ అఫిడవిట్. కొన్ని కోర్టులు ఆస్తి స్తోమత తెలిపే తహసీల్దారు సాల్వెన్సీ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్ తేవాలి. రైతు పట్టాదారు పాసుపుస్తకం తెస్తే ఒక మేజిస్ట్రేటు తీసుకుంటారు, బదిలీ మీద వచ్చిన తర్వాతి మేజిస్ట్రేటు ఇల్లే కావాలంటారు. ఏ కోర్టులో ఏ కాగితం చెల్లుతుందో ముందు రోజే బెంచి క్లర్కును కనుక్కోకపోతే కూలి మానుకుని వచ్చిన ఇద్దరు మనుషులు ఊరికే తిరిగిపోవాలి. రెండోసారి వాళ్లు రారు.

పేద కుటుంబాల కాగితాలు ఎక్కడ ఆగిపోతాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇల్లుంటుంది కానీ పన్ను రసీదు ఎప్పుడో పోయిన తాత పేరు మీద ఉంటుంది. అన్నదమ్ములు ముగ్గురూ పన్ను కడతారు గానీ పేరు మార్పించుకున్నవాడు ఒక్కడూ ఉండడు. ఇంకొకరిది ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా స్థలం. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం చాలావరకు నిషేధించింది కాబట్టి, రేపు జప్తు చేయాల్సి వస్తే దీన్ని ఏం చేసుకుంటాం అని కోర్టు పక్కన పెడుతుంది. ఏజెన్సీలో మరీ ఘోరం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడే 1/70 చట్టమే ఆ భూమిని షూరిటీగా విలువ లేనిదాన్ని చేసింది. పాడేరు, చింతపల్లి వైపు నుంచి గంజాయి మూట మోసి దొరికిన కుర్రవాడికి ఎలాగో బెయిల్ వచ్చిందనుకోండి. ఊరంతా కదిలి వచ్చినా కోర్టు ఒప్పుకునే ఒక్క కాగితం ఉండదు.

ఇప్పుడు షూరిటీలను పిలిచే వేళ కోర్టు హాల్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. చాలాచోట్ల అది భోజనం తర్వాత. బంట్రోతు పేరు పిలుస్తాడు. ముద్దాయి మేనమామ బోను ఎక్కుతాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుంటాడు. ముద్దాయి నీకేమవుతాడు? ఇల్లు ఎన్ని గదులు? తూర్పు హద్దు ఏంటి? విలువ ఎంత? ఇంకే కేసులోనైనా షూరిటీ ఉన్నావా? మేనమామ మూడో ప్రశ్నకే తడబడతాడు. పుట్టినప్పటి నుంచీ ఉంటున్న ఇల్లే అయినా తూర్పేదో పడమరేదో ఆ క్షణాన గుర్తుకు రాదు. విలువ లక్షా, రెండు లక్షలా అని లాయరు మొహం చూస్తాడు. అనుమానం వచ్చి మేజిస్ట్రేటు వెరిఫికేషన్‌కు రాస్తారు. ఆ కాగితం స్టేషన్‌కు వెళ్లి కానిస్టేబుల్ ఊరికొచ్చి తిరిగి రిపోర్టు వచ్చేసరికి వారం పోవచ్చు.

అదే బోనులోకి కిరాయి షూరిటీ వస్తే గుక్క తిప్పుకోకుండా హద్దులు నాలుగూ చెప్పేస్తాడు. రోజూ చేసే పని కదా. 486వ సెక్షన్ ప్రకారం తాను ఇప్పటికే ఎంతమందికి షూరిటీగా ఉన్నాడో ప్రకటించాలి. ‘ఎవరికీ లేనండి’ అంటాడు. పక్క ఊరి కోర్టు రిజిస్టర్ తెప్పించి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అంటే మన పద్ధతి నిజమైన బంధువును అనుమానించి, అబద్ధం కంఠస్థం చేసినవాణ్ని నమ్ముతోంది. కుటుంబం కూడా ఇది గమనిస్తుంది. మేనమామను మళ్లీ రెండు రోజులు తిప్పే బదులు కోర్టు బయట కొన్ని వేలు పారేస్తే సాయంత్రానికి పని అయిపోతుందని ఎవరో చెవిలో వేస్తారు. నకిలీ రసీదుకు గిరాకీ పుట్టేది ఈ ఇరుకులోంచే. ఇందులో మా వృత్తి వాటా లేదని చెప్పలేం. ‘బెయిల్‌కింత, షూరిటీలతో కలిపైతే ఇంత’ అని ఫీజు మాట్లాడుకునే లాయర్లు ప్రతి బార్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్లెవరో మిగతావాళ్లకు తెలుసు.

ఈ కిరాయి దందా వల్ల నష్టం అంతా చివర్లో బయటపడుతుంది. ముద్దాయి వాయిదాకు రాకపోతే 491 కింద బాండు జప్తు చేసి షూరిటీకి నోటీసు పంపాలి. ఆ చిరునామాలో ఇల్లే ఉండదు. నాన్‌బెయిలబుల్ వారంటు అలా పడి ఉంటుంది. అదే కేసులో ప్రతి వాయిదాకూ వస్తున్న మిగతా ముద్దాయిలు, సాక్ష్యం చెప్పడానికి ఎదురుచూస్తున్న ఫిర్యాదుదారు అందరూ ఆగిపోతారు. రాని ముద్దాయి కేసును విడగొట్టడానికే ఏడాది పట్టవచ్చు.

ఒకటికి మించి కేసులుంటే లెక్క ఎలా మారుతుందో చెప్పాలి. బండి దొంగతనంలో ఒక కుర్రవాణ్ని పట్టుకున్నారనుకుందాం. భారతీయ న్యాయ సంహిత 303(2) కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది. ఆ కారణాల కాగితం తరచూ అచ్చు ఫారంలో టిక్కులు పెట్టినదే. తర్వాత నేర అంగీకార పంచనామా తయారవుతుంది. అందులో ఈ బండితో పాటు ఇంకో నాలుగు బండ్లు, నాలుగు స్టేషన్ల క్రైం నంబర్లు ఉంటాయి. పోలీసుల ముందు ఒప్పుకున్నదేదీ సాక్ష్యంగా చెల్లదని భారతీయ సాక్ష్య అధినియమ్ 23 చెబుతుంది. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతవరకే చెల్లుతుంది. అయినా ఆ పంచనామా ఆధారంగా నాలుగు పీటీ వారంట్లు (వేరే కేసులో జైల్లో ఉన్నవాణ్ని తమ కోర్టుకు తెప్పించుకునే ఉత్తర్వులు) పడతాయి. ఒక కేసులో బెయిల్ తెచ్చుకుంటే రెండో కేసు కోర్టులో హాజరుపరుస్తారు. ఐదు కేసులు, ఐదు బెయిల్ పిటిషన్లు, ఒక్కోదానికి ఇద్దరు చొప్పున పదిమంది షూరిటీలు. పదిమంది ఇళ్లున్నవాళ్లు నమ్మకంగా వెనక నిలబడే కుర్రవాడు బండ్ల దొంగతనానికి ఎందుకు పోతాడు?

సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో సరిగ్గా ఈ ఇబ్బందినే పరిష్కరించింది. అక్కడ పదమూడు కేసులు. షూరిటీగా నిలబడేది సాధారణంగా దగ్గర బంధువో చిరకాల మిత్రుడో అయి ఉంటాడనీ, అలాంటివాళ్లు ఎవరికైనా కొద్దిమందే ఉంటారనీ గుర్తించి, అవే షూరిటీలను వేరువేరు కేసుల్లోనూ ఒప్పుకునే వీలు కల్పించింది. ఈ తీర్పు కాపీ పిటిషన్‌కు జతచేసి అడిగితే చాలామంది మేజిస్ట్రేట్లు కాదనరు. అడగడమే తక్కువ.

ఇంకో కోణం డిఫాల్ట్ బెయిల్. పై దొంగతనం కేసులో 60 రోజుల్లో చార్జిషీటు పడకపోతే నాగరిక సురక్షా సంహిత 187(3) కింద బెయిల్ హక్కు అవుతుంది. కానీ ఆ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది. ముద్దాయి బాండ్లు, షూరిటీలు ఇవ్వడానికి సిద్ధపడి, నిజంగా ఇస్తేనే విడుదల. అంతదాకా గడువు దాటినా కస్టడీ చెల్లుతుంది. ఇళ్లున్న బంధువులు ఉన్నవాడు అరవై ఒకటో రోజున పిటిషన్ వేసి ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళ్తాడు. అదే హక్కుతో, అదే రోజున పిటిషన్ వేసిన పేదవాడు నూరో రోజునా అక్కడే ఉండవచ్చు.

ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీమేస్త్రీకి మేజిస్ట్రేటు పది వేల షూరిటీ అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే ఆస్తులున్న షూరిటీలను అక్కడెలా తేగలడని ఆ తీర్పు ప్రశ్నించింది. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లోనూ కట్టడం పనుల్లోనూ ఉన్న ఒడియా, బిహారీ, ఛత్తీస్‌గఢ్ కూలీల స్థితి అదే. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు భాష తెలిసినవాడే గానీ, రాష్ట్రం వేరైపోయింది కాబట్టి సొంతూరి షూరిటీల వెరిఫికేషన్ అక్కడి పోలీసుల దాకా వెళ్లి రావాలి. మరుసటి ఏడాది 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. ముద్దాయి పారిపోతాడా లేదా అన్నది తేల్చడానికి అతని డబ్బు కంటే ఊళ్లో అతని వేళ్లు ఎంత లోతుగా ఉన్నాయో చూడాలన్నారు. ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, ఏ పని చేస్తాడు, కుటుంబం ఎక్కడుంది, పాత కేసులున్నాయా, అతనికి హామీగా మాట్లాడేవాళ్లెవరు, ఇవీ చూడాల్సినవి. వీటిలో ఒక్కటి కూడా ఇంటిపన్ను రసీదులో కనిపించదు.

అన్ని కేసులకూ షూరిటీ ఎత్తేయమనడం లేదు. గతంలో వారంట్లు పడి దొరకకుండా తిరిగినవాడికి, రాష్ట్రాలు దాటి వ్యాపారంగా నేరం చేసేవాడికి గట్టి షూరిటీ అడగాల్సిందే. కానీ చిన్న కేసుల్లో వాయిదా తప్పినవాళ్లంతా పారిపోయినవాళ్లు కారు. సమన్లు పాత అద్దె ఇంటికి వెళ్తాయి, జడ్జిగారు సెలవులో ఉండి వాయిదా మారుతుంది, మారిన తేదీ లాయరు గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా కనిపిస్తుంది. ఆ నంబరును ముద్దాయి ఇంట్లో చదువుకున్న పిల్లవాడి ఫోన్లో వేయించడం చాలామంది షూరిటీల కంటే బాగా పనిచేస్తుంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా సూటిగా ఉన్నాయి. బెయిల్ ఇచ్చిన కోర్టు ఆ రోజే లేదా మర్నాడే ఉత్తర్వు సాఫ్ట్ కాపీని జైలు సూపరింటెండెంట్‌కు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెల దాటినా బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు మార్చే విషయం పరిశీలించవచ్చు. బయటికెళ్తే షూరిటీలు తెచ్చుకుంటానని ఖైదీ అంటే కొద్ది రోజుల తాత్కాలిక బెయిల్ ఇవ్వవచ్చు. విడుదల ఆలస్యానికి స్థానిక షూరిటీ షరతు ఒక కారణమని చెప్పి, అలాంటి షరతు పెట్టవద్దని సూచించింది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. నెల గడిచిన కేసులను మేజిస్ట్రేటు బల్ల మీదికి తెచ్చే మనిషి ఎవరన్నదే సమస్య. జైలు చూసుకుంటుందని కోర్టు, లాయరు చూసుకుంటాడని జైలు అనుకుంటే ఆ ఈమెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది.

కేంద్రం 2023లో పేద ఖైదీలకు సాయం పేరుతో ఒక పథకం పెట్టింది. బెయిల్ డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి నలభై వేల దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి పాతిక వేల దాకా జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చని మొదటి నిబంధనల్లో పెట్టారు. మత్తుమందుల చట్టం, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం), మనీలాండరింగ్, అవినీతి కేసులకు వర్తించదు. మంచి పథకమే, అయితే మన దగ్గర అది ఒక చోట తట్టుకుని ఆగుతుంది. పథకం ఇచ్చేది డబ్బు, మన కోర్టులు అడిగేది మనుషులు. ఉత్తర్వులో ‘ఇద్దరు షూరిటీలు’ అని ఉన్నంతకాలం ఎంత డబ్బు ఉన్నా తీసుకునే కిటికీ ఉండదు. ముందుగా నాగరిక సురక్షా సంహిత 490 కింద, బాండుకు బదులు నగదు డిపాజిట్‌కు అనుమతించమని పిటిషన్ వేసి షరతు మార్పించాలి. ఈ రెండో మెట్టు ఖైదీకి తెలియదు. మొదటి బెయిల్‌కే అప్పుచేసి ఫీజు కట్టిన కుటుంబం దానికోసం మళ్లీ లాయరు దగ్గరికి రాదు. బెయిల్ హైకోర్టు ఇచ్చి ఉంటే షరతు మార్పుకు మళ్లీ అమరావతికో హైదరాబాద్‌కో వెళ్లాల్సి రావడం ఇంకో భారం.

షూరిటీలను ఒప్పుకున్నాక కూడా పని అయిపోదు. మేజిస్ట్రేటు సంతకం చేసిన రిలీజ్ ఆర్డరు జైలుకు చేరాలి. సాయంత్రం లాకప్ అయ్యాక చేరితే ఆ రాత్రి లోపలే. మేజిస్ట్రేటు శుక్రవారం సెలవు పెట్టి ఇన్‌చార్జి కోర్టు వేరే ఊళ్లో ఉంటే సోమవారం దాకా ఆశ వదులుకోవచ్చు. జైల్లో రిమాండు వారంటుతో సరిపోలుస్తారు. పేరు, తండ్రి పేరు, క్రైం నంబరు, సెక్షన్లు. వారంటులో న్యాయ సంహిత 109 హత్యాయత్నం అని ఉండి, దర్యాప్తులో దాన్ని 118 (ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం)కి మార్చి, ఆ మార్పు మెమో జైలుకు వెళ్లకపోతే ఆర్డరు వెనక్కి వస్తుంది. ‘వెంకటేశ్’ ఒక చోట ‘వెంకటేశ్వర్లు’ అయితే కూడా అంతే. అందుకే షూరిటీలు వేసే రోజు పొద్దున్నే ములాఖత్‌కు వెళ్లి వారంటులో ఏ పేరుందో, వేరే పీటీ వారంటు ఏదైనా పెండింగ్‌లో ఉందో కనుక్కున్న లాయరు కనీసం ఒక రాత్రి మిగులుస్తాడు.

నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ గురించి ఒక్క ముక్క. ఇంతకు ముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. ఆ దరఖాస్తు కోర్టుకు పెట్టాల్సింది సూపరింటెండెంటే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. పైన చెప్పిన బండి కేసు ఒక్కటే ఉంటే ఏడాదితో ఈ హక్కు వస్తుంది. ఐదు కేసులున్నవాడికి మాత్రం రాదు, ఎందుకంటే ఒకటికి మించిన కేసులుంటే వర్తించదని అదే సెక్షన్‌లో రాశారు. పంచనామాలో పేర్చిన ఆ నాలుగు బండ్లు ఇక్కడ కూడా అడ్డు వస్తాయి.

తోటి న్యాయవాదులకు, ముఖ్యంగా జూనియర్లకు చెప్పేదొకటి. బెయిల్ పిటిషన్‌లో ‘పిటిషనరు అమాయకుడు, తప్పుడు కేసు’ అన్న పేరాకు జడ్జి కన్ను ఆగదు. దాని బదులు ఎన్నేళ్లుగా ఏ వీధిలో ఉంటున్నాడు, ఎవరి దగ్గర పని, పిల్లలు ఏ బడిలో, రేషన్ కార్డు, ఫోన్ నంబరు, పాత కేసులు లేవన్న మాట రాయండి. ప్రార్థనలో మెట్లు పెట్టండి. ముందు సొంత బాండు మీద, కాదంటే ఒక్క షూరిటీతో, అదీ కాదంటే నగదు డిపాజిట్‌తో, లేదా ఫలానా తేదీలోగా షూరిటీలు ఇచ్చే షరతుతో అని. షరతు ముందే తక్కువగా పడితే తర్వాత రెండు పిటిషన్లు తగ్గుతాయి. మేజిస్ట్రేటు పెట్టిన మొత్తం ఎక్కువైతే 484(2) కింద సెషన్స్ కోర్టు తగ్గించగలదు. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు రాయవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది.

చివరగా, షూరిటీ సంతకం పెట్టే బంధువులకు. ముద్దాయి రాకపోతే బాండు మొత్తం మీ దగ్గర జరిమానాలా వసూలు చేస్తారు. అది రాబట్టలేకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు కూడా ఉంది. కాబట్టి ముద్దాయి వాయిదా తేదీలు మీరు కూడా రాసిపెట్టుకోండి. అతని మీద నమ్మకం పోతే 489 కింద షూరిటీ రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. అప్పుడు ముద్దాయి కొత్త షూరిటీ తెచ్చుకోవాలి. కోర్టులో అసలు పాసుపుస్తకమో రసీదో ఇచ్చి ఉంటే, కేసు కొట్టేశాక లేదా శిక్ష పడ్డాక దాన్ని వాపసు ఇమ్మని మెమో వేయాలి. అది వేయించకుండా లాయరును వదలొద్దు.

ఇట్లు,
ఒక డిఫెన్స్ న్యాయవాది